రెండు రాళ్ల పంతులమ్మ

మూడు కాళ్ల మీద నిలబడే యంత్రం ఏదైనా సరే, ఊళ్లోకి వచ్చిందంటే మా వాళ్లు పని వదిలేసి అడ్డం వచ్చి నిలబడే కాలం ఒకటుండేది. ఇప్పటి పిల్లలు ఫోటో అంటే చాలు, జుట్టు సవరించుకుని వరుసగా నిలబడతారు. మేము మాత్రం ముందు "ఎవరు పంపిండ్రు?" అని అడిగేవాళ్లం, ఏం జవాబు వచ్చినా నమ్మేవాళ్లం కాదు. దానికి కారణం లేకపోలేదు. నేను ఒళ్లో పిల్లగా ఉన్నప్పుడు మా పాత ఊరికి మూడు కాళ్ల దుర్భిణి పట్టుకుని కొందరు వచ్చారట. ఒక కన్ను మూసి, ఇంకో కంటితో చూసి, కాగితం మీద ఏవో గీతలు గీసుకుని, మా అవ్వ పోసిన మజ్జిగ తాగి, చల్లగా ఉన్నదని మెచ్చుకుని మరీ పోయారట. (బాపును కన్న తల్లిని మేము అవ్వ అంటాం.) ఆ తర్వాత పట్నం తాగునీళ్ల కోసం పెద్ద చెరువు కట్టారు, మా ఊరు దాని అడుగున పడింది. అవ్వ బతికున్నన్నాళ్లూ ఊరు పోయిన సంగతి కంటే ఆ మజ్జిగ సంగతే ఎక్కువ తలుచుకునేది. "మూతులు తుడుసుకొని పోయిండ్రు బిడ్డా, మల్ల నీళ్లను తోలుకొని వచ్చిండ్రు" అనేది.

ఊరు మునిగాక మేము మొయినాబాద్ పక్కన ఎంకపల్లికి వచ్చి పడ్డాం. ఊరి బయట ఒక పాత గుమ్మటం ఉండేది. గోల్కొండ నవాబులు వేటకు వచ్చినప్పుడు దిగడానికి కట్టుకున్నదని కొందరు, కాదు ఎవరిదో సమాధి అని కొందరు అనేవాళ్లు. ముందు పెద్ద కమాను, దానికి రెండు పక్కలా మనిషి రెండు చేతులు చాపినా అందనంత లావు స్తంభాలు, వెనక గుమ్మటం. దాని ముందు బాపుకు రెండెకరాల చెల్క, అంటే మెట్ట చేను, ఇచ్చారు. గులకరాళ్లు ఏరుకుంటే ఏరుకున్నన్ని. బండ్ల బాట మీద నిలబడి కమాను వైపు చూస్తే, ఎడమ చేతి పక్క మా చెల్క, కుడి చేతి పక్క పశువులు మేసే సర్కారు బీడు, రెండింటి నడుమ నడుమెత్తు హద్దురాయి. ఆ రాయికి కొంచెం లోపల, సీతాఫలం చెట్టు మొదట్లో, మా అమ్మ సమాధి. ఊరు మారిన ఏడాదే ఆమె జ్వరంతో పోయింది. మా కిరస్తానీల సమాధుల తోట చెరువు కింద ఉన్నది, కొత్త ఊళ్లో మాకింకా జాగా చూపించలేదు. దాంతో బాపు ఆమెను చెల్కలోనే పెట్టాడు. నాకప్పుడు నాలుగేళ్లు.

నాకు పందొమ్మిదేళ్లు వచ్చేసరికి నేను ఆ ఊరి మిషన్ బడిలో పంతులమ్మను. పట్నంలో బోర్డింగులో ఉండి ఏడో తరగతి పాసయి వచ్చాను. ఈ ఏడో తరగతి అనేది చిన్న సంగతి అని మీరనుకుంటున్నారేమో, ఆ రోజుల్లో మా ఊళ్లో నన్ను దాటి చదివినవాళ్లు లేరు. ఎవరింటికి ఏ కాగితం వచ్చినా నా దగ్గరికే తెచ్చేవాళ్లు. నేను కాగితాన్ని ముందు ఎండకు పట్టి చూసి, వెనక్కి తిప్పి చూసి, అప్పుడు చదివేదాన్ని. (వెనకవైపు ఎప్పుడూ ఏమీ ఉండేది కాదు. అయినా అలా చూస్తే చదువుకు ఒక గౌరవం.) దీనికి తోడు అవ్వ దగ్గర పెరిగానేమో, ఆమె అనుమానం కూడా నాకు అబ్బింది. అవ్వ తన బర్రెను తానే పిండుకుని, తన చేత్తోనే చెంబులో పోసుకుని, తాగే ముందు వాసన చూసేది. అలాంటి ఇంట్లో పుట్టిన పిల్ల చదువుకుంటే ఏమవుతుందో ముందు ముందు మీరే చూస్తారు.

వరి కోతలు అయిపోయిన రోజుల్లో ఒక పొద్దున, మొయినాబాద్ వైపు నుంచి ఒక కిరాయి బండి వచ్చి గుమ్మటం ముందు ఆగింది. అందులోంచి నెరిసిన గడ్డం, మాసిన షేర్వానీ ఉన్న ఒక పెద్దమనిషి దిగాడు. ఒక చెక్కపెట్టె దింపాడు. ఆ తర్వాత మూడు కాళ్లు దింపాడు. అంతే, చెల్కలో కట్టెలు కొడుతున్న బాపు గొడ్డలి అక్కడే పడేసి బాట మీదికి వచ్చేశాడు. నేను బడికి ఇంటి బెల్లు కొట్టించి పిల్లలతో సహా వచ్చేశాను. (చదువు చెప్పడం కంటే ఊరిని కాపాడటం ముఖ్యమని ఆ నిమిషానికి అనిపించింది.) పెద్దమనిషి పెట్టె తెరిచి యంత్రాన్ని మూడు కాళ్ల మీద నిలబెట్టాడు. ఫోటో యంత్రం నేను బోర్డింగులో చూశాను, దానికి ఒకటే కన్ను ఉంటుంది. దీనికి రెండు కళ్లున్నాయి, నాలుగు వేళ్ల ఎడంతో, మనిషి మొహంలో ఉన్నట్టే.

"ఏం కొలుస్తున్నవ్ సాబ్?" అన్నాడు బాపు.

"కొలుస్తలేనన్నా. బొమ్మ తీస్తున్న. పాత కట్టడాల బొమ్మలు తీసుడు నా పని."

"బొమ్మకు రెండు కండ్లెందుకు?"

"మనకెందుకున్నయి రెండు?" అని నవ్వాడాయన.

బాపు నవ్వలేదు. అవ్వ నా చెవిలో, "అడిగినదానికి మల్ల అడిగేటోడు సర్కారు కచేరీలకెల్లి వచ్చినోడే" అన్నది. ఆయన నల్లగుడ్డ ఒకటి తీసి నెత్తి మీద ముసుగేసుకుని యంత్రం వెనక దూరాడు. అవ్వ పోయి వెనక నుంచి ఆ గుడ్డ ఎత్తింది. పాపం ఆయన కోప్పడలేదు, "సూడవ్వా, సూడు" అని పక్కకు జరిగాడు. అవ్వ వంగి చూసింది, వెంటనే రెండడుగులు వెనక్కి వేసింది. లోపల అద్దం మీద రెండు గుమ్మటాలు ఉన్నాయట, రెండూ తలకిందులుగా ఉన్నాయట. నేనూ చూశాను, నిజమే. అద్దంలో అలాగే పడుతుందని ఆయన ఏదో చెప్పబోయాడు గానీ వినేవాళ్లెవరు? "పోయినసారి ఊరును ముంచిండ్రు, ఈసారి తలకిందులు జేస్తరట" అని అవ్వ అప్పటికే చుట్టూ చేరినవాళ్లకు చెప్పేసింది. పైన ఉన్నదాన్ని ఒక కన్ను చూస్తుందని, భూమిలో పాతిపెట్టిన ధనాన్ని రెండో కన్ను చూస్తుందని మధ్యాహ్నానికల్లా ఊళ్లో తేలిపోయింది. ఆయనకు జోడుకండ్ల సాబు అని పేరు కూడా పెట్టేశాం.

అసలు అనుమానం తర్వాత మొదలైంది. ఆ సాబు గుమ్మటం చుట్టూ తిరిగాడు, కమాను కింద నిలబడ్డాడు, మెట్లెక్కాడు, దిగాడు. చివరికి వచ్చి మా హద్దురాయి దగ్గర ఆగాడు. దాన్ని ముందు నుంచి చూశాడు, పక్క నుంచి చూశాడు, పెళ్లిచూపుల్లో పిల్లను చూసినట్టు చూశాడు. యంత్రాన్ని తెచ్చి రాయికి రెండు గజాల ఇవతల, బాట మీద పెట్టుకున్నాడు. "ఈ రాయి మస్తున్నది. గిట్ల దగ్గర ఒకటి, నడుమ ఒకటి, దూరం ఒకటి ఉంటెనే బొమ్మకు పానం వస్తది" అన్నాడు. "అన్నా, జర రాయి పక్కన నిలబడుతవా?" అని బాపును అడిగాడు. బాపు నిలబడలేదు. మొహం తిప్పుకుని చెల్కలోకి వెళ్లిపోయాడు. నవాబుల కాలం నాటి కమాను ఉండగా, అంత పెద్ద గుమ్మటం ఉండగా, పట్నం నుంచి బండి కట్టించుకుని వచ్చిన మనిషికి మా రాయి ఎందుకు కావాలి? నాకు ఆ రోజు అన్నం సరిగ్గా పోలేదు.

రెండు వారాల తర్వాత ఆయన మళ్లీ వచ్చాడు, చేవెళ్ళ దిక్కు పోతూ దారిలో మా బడి దగ్గర మంచినీళ్ల కోసం ఆగాడు. నీళ్లు తాగి (మజ్జిగ మేము ఎవరికీ పోయడం మానేశాం) సంచిలోంచి ఒక మందపాటి అట్ట తీసి నాకిచ్చాడు. అట్ట మీద పక్కపక్కనే రెండు బొమ్మలు అతికించి ఉన్నాయి. రెండూ మా గుమ్మటమే. "దీన్ని చూసే పెట్టె వేరే ఉంటదమ్మా. రిపేరుకిచ్చిన, వచ్చే వారం తెస్త. పట్నంల పెద్ద పెద్దోళ్ల దివాన్‌ఖానాలల్ల ఉంటయి గీ పెట్టెలు. రైలెక్కకుండ ఆగ్రా చూస్తరు, ఢిల్లీ చూస్తరు. సినిమాలొచ్చినంక అడిగేటోళ్లు తక్కువైన్రు గని, నాకు గీ పని ఇడువబుద్ధి గాదు. పోరగాండ్లకు చూపించు" అని వెళ్లిపోయాడు.

పిల్లలకు చూపించలేదు. తలుపు దగ్గరికి వేసుకుని నేనే చూశాను. ఒకే బొమ్మను రెండుసార్లు ఎందుకు అతికించాలి? ఏ వెర్రివాడైనా ఒకే ఉత్తరం రెండుసార్లు రాసి ఒకే కవరులో పెడతాడా? బడిలో పిల్లలు ఒకరి పలక చూసి ఒకరు రాసినప్పుడు ఎలా పట్టుకుంటానో అలాగే రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని గీత గీతా పోల్చాను. పట్టుకున్నాను కూడా. ఎడమ బొమ్మలో మా హద్దురాయి కమానుకు కుడి పక్క స్తంభం ముందు ఉన్నది. కుడి బొమ్మలో అదే రాయి స్తంభాన్ని వదిలి, ఎడమకు జరిగి, కమాను ఖాళీ ముందుకు వచ్చి నిలబడింది. కుట్టుపని దారం తెచ్చి కొలిచాను. స్తంభం లావుతో లెక్క కట్టి నల్లబల్ల మీద త్రైరాశికం చేశాను. రెండు మూరలు జరిగింది, మా చెల్క లోపలికి. పరుగున పోయి బాట మీద నిలబడి నిజం రాయిని చూశాను, అది ఎడమ బొమ్మలో ఉన్నట్టే స్తంభం ముందే ఉన్నది. (అక్కడ నిలబడి ఒక కన్ను మూసి, తర్వాత రెండోది మూసి చూసి ఉంటే ఈ కథే లేదు. రెండు కళ్లూ బాగా తెరుచుకుని చూడటమే తెలివి అనుకున్నాను.) అంటే ఎడమ బొమ్మ ఇప్పుడున్న హద్దు, కుడి బొమ్మ రేపు సర్కారు పెట్టబోయే హద్దు. దొంగతనానికి ముందే దాని బొమ్మ గీసుకున్నారు. పట్టుకున్నది ఏడో తరగతి పాసయిన నేను.

ఆ సాయంత్రం బాపుకు అట్ట చూపించి, రాయి రెండు చోట్లా ఎక్కడెక్కడుందో గడ్డిపోచతో ముట్టి చూపించాను. బాపు మొహం పాలిపోయింది. కుడి బొమ్మను చాలాసేపు చూశాడు. అట్టను బోర్లించి నేల మీద పెట్టాడు. అది కోపమని నేననుకున్నాను. "ఇది ఇంకెవలకన్న చూపించినవా?" అన్నాడు. లేదన్నాను. "చూపించకు. పొయ్యిల వెయ్యి" అని లేచి వెళ్లిపోయాడు. అయ్యో, ఒకసారి ఊరు పోగొట్టుకున్న మనిషి, ఎదురు నిలబడే ధైర్యం చచ్చిపోయింది, చదువుకున్న బిడ్డను నేనుండి ఏం లాభం అనుకున్నాను. బడికి సుద్దముక్కలు కావాలని అబద్ధం చెప్పి, శనివారం బండెక్కి చేవెళ్ళ తాలూకా కచేరీకి పోయాను.

కచేరీ బయట చెట్టు కింద ఒక అర్జీలు రాసే ఆయన కూచునేవాడు. నేను తెలుగులో రాసుకుపోయింది చదివితే ఆయన ఉర్దూలోకి దింపాడు. మధ్యమధ్య తన సొంతంగా కొంత బరువు కలిపాడు. "రాయిని చేత్తోని జరిపిండా?" అని అడిగాడు. "లేదు, ముట్టనే లేదు" అన్నాను. "అయితే ముట్టకుండనే జరిపిండని రాస్త, గట్టిగుంటది" అన్నాడు. సాక్ష్యంగా ఆ అట్టను అర్జీకి కలిపి లోపల ఇచ్చేశాం. తిరుగుబండిలో కూచున్నప్పుడు నాలో ఎంత గర్వం ఉన్నదంటే, ఎద్దులు కూడా నా కోసమే జోరుగా నడుస్తున్నాయనిపించింది.

ఇంటికొచ్చి చెప్పాను. బాపు గుమ్మం దగ్గర నిలబడి వింటున్నవాడు అలాగే నేల మీద కూలబడ్డాడు.

"గిర్దావర్ వస్తడా?" అన్నాడు.

"వస్తడు బాపూ. గొలుసు పెట్టి కొలుస్తడు. మన రెండెకరాలు మనకు తేలిపోతయి."

"తేలిపోతయి బిడ్డా. మీ అమ్మ బయట తేలుతది."

నాకేమీ అర్థం కాలేదు. అవ్వే చెప్పింది, అటు తిరిగి, గోడతో చెబుతున్నట్టు. అమ్మను సీతాఫలం చెట్టు కింద పెట్టినప్పుడు ఆ జాగా మాదే అనుకున్నారట. ఆర్నెల్ల తర్వాత గొలుసు పట్టుకొచ్చి హద్దురాయి పాతేసరికి సమాధి రెండు మూరల తేడాతో సర్కారు బీడులో పడింది. బాపు ఎవరి కాళ్లు పట్టుకున్నా గీత గీతే అన్నారట. బీడులో పశువులు తిరిగేవి, సమాధి మీద పడుకునేవి. నెల రోజులు చూసి చూసి, బాపు ఒక మిట్టమధ్యాహ్నం, ఊరంతా జాతరకు పోయినప్పుడు, గడ్డపార పట్టుకుపోయి రాయిని పెకిలించి రెండు మూరలు అవతల, బీడు లోపల పాతాడు. మొదట అది కమాను ఖాళీకి ఎదురుగా ఉండేదట, సరిగ్గా కుడి బొమ్మలో ఉన్నచోట. ఈ పదిహేనేళ్లలో ఆ సంగతి బాపుకు, అవ్వకు, దేవుడికి తప్ప ఎవరికీ తెలియదు. ఇప్పుడు నేను చూపించిన అట్ట మీద ఒక కన్ను ఇవాళ్టి రాయిని చూపిస్తుంటే, ఇంకో కన్ను పదిహేనేళ్ల కిందటి రాయిని చూపిస్తున్నది. "ఆ మిషిన్‌కు ఎట్ల తెలిసింది బిడ్డా?" అని బాపు నన్నడిగాడు. నేను పంతులమ్మను కదా, నాకు తెలిసి ఉండాలి.

నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా. సర్కారు రాయిని కదిపితే ఏం చేస్తారో నాకు సరిగ్గా తెలియదు, కానీ చెల్క మొత్తం గుంజుకుంటారని ఊళ్లో అనుకునేవాళ్లు. చెల్క సంగతి అటుంచి, సమాధి బీడులోకి పోతుంది. నేను చేతులారా పిలిచి తెచ్చిన గొలుసు మా అమ్మను బయటికి నెట్టబోతున్నది. సోమవారం బడి మానేసి మళ్లీ చేవెళ్ళకు పోయి అర్జీ వాపసు ఇమ్మన్నాను. చెట్టు కింది ఆయన జాలిగా చూసి, "లోపటికి పోయిన అర్జీ బయటికి రాదమ్మా, గిర్దావరే బయటికొస్తడు" అన్నాడు. రాయిని మళ్లీ పాత చోటుకే మార్చేద్దామా అని ఒకసారి అడిగాను. బాపు లేచి సీతాఫలం చెట్టు దిక్కు పోయాడు. అవ్వ మాత్రం మరునాటి నుంచి పొద్దున్నే చాటెడు జొన్నలు పట్టుకుపోయి ఆ రాయికి ఆనుకుని కూచుని రాళ్లేరడం మొదలుపెట్టింది. ఎవరన్నా అడిగితే ఇంట్లో ఉక్కపోస్తున్నదనేది. అది పుష్యమాసం.

అవ్వ జొన్నలు ఏరడం ఏడు రోజులు నడిచింది. ఎనిమిదో రోజు పొద్దున గిర్దావర్ సాబు తట్టు గుర్రం మీద వచ్చాడు. వెనక ఇద్దరు మనుషులు ఇనప గొలుసు మోసుకుంటూ నడిచారు. ఊరంతా పోగయింది. సరిగ్గా ఆ పూటే, వస్తానన్న వారం దాటిపోయిన జోడుకండ్ల సాబు కూడా కిరాయి బండి దిగాడు, చంకలో చూసే పెట్టెతో. ఇద్దరూ ఒకరినొకరు ఎగాదిగా చూసుకున్నారు. ఫోటోలు తీయనిచ్చే పర్మిషన్ కాగితం అడగడానికి వచ్చాడేమో అని జోడుకండ్ల సాబు అనుమానం, దొంగ తనంతట తానే దొరికాడేమో అని గిర్దావర్ అనుమానం. వాళ్లిద్దరికీ ఏం చెప్పాలో తెలియక మేం ముగ్గురం ఒకరి మొహాలు ఒకరం చూసుకోవడం కూడా మానేశాం.

"ఈ రాయిని నువ్వు జరిపినవా?" అన్నాడు గిర్దావర్.

"తోబా తోబా. నేను ముట్టనే లేదు సాబ్."

"ముట్టకుండనే జరిపినవని రాసిండ్రు."

జోడుకండ్ల సాబు ఆ మాటకు తెల్లమొహం వేశాడు. గిర్దావర్ సంచిలోంచి నా అట్ట తీసి, రెండు బొమ్మల మీదా రాయిని వేలితో చూపించాడు. ఆయన ఒక నిమిషం చూసి, నవ్వు ఆపుకుని, తన పెట్టెను గిర్దావర్ చేతికిచ్చాడు. రెండు కళ్లకూ రెండు అద్దాలు, ముందు ఒక కడ్డీ, కడ్డీ మీద అట్ట నిలబెట్టే చోటు. అట్ట అందులో పెట్టి చూడమన్నాడు. గిర్దావర్ ముందు పెట్టె కిందికీ పైకీ చూసి, అప్పుడు కళ్లకు పెట్టుకున్నాడు. అట్టను కడ్డీ మీద ముందుకూ వెనక్కీ జరిపాడు. తర్వాత కుడి చెయ్యి మెల్లగా ముందుకు చాపి, గాలిలో దేన్నో పట్టుకోబోయాడు. ఆయనకు ఏదో సోకిందని ఒకరిద్దరు వెనక్కి జరిగారు. "యా అల్లా, రాయి ఎదురుంగ నిలబడ్డది. దాని ఎనుక కమాను, కమాను లోపటికి పోవచ్చు" అన్నాడు. ఒక్కో కన్ను ఒక్కో పక్క నుంచి చూస్తుంది కాబట్టి దగ్గరి వస్తువు జరిగినట్టు కనిపిస్తుందని, మన తలకాయ ఆ రెండింటినీ కలిపి ఒకటి చేసుకుంటుందని, రాయి ఎక్కడికీ పోలేదని జోడుకండ్ల సాబు చెప్పాడు. కావాలంటే వేలు ముక్కు ముందు పెట్టుకుని ఒక్కో కన్ను మూసి చూడమన్నాడు. ఊరు ఊరంతా ముక్కుల ముందు వేళ్లు పెట్టుకుని కన్ను కొట్టడం మొదలుపెట్టింది. నేనూ చేశాను. వేలు ఇటూ అటూ గెంతింది. నా త్రైరాశికమంతా ఆ వేలి మీదే కూలిపోయింది.

గిర్దావర్ సాబు మాత్రం పెట్టె వదల్లేదు. ఇంకా ఏమున్నాయని అడిగి గోల్కొండ సమాధులు చూశాడు, చార్మినార్ చూశాడు, ఢిల్లీ మినార్ చూశాడు, కమాను నీడలో మంచం వేయించుకుని మొదటి నుంచి మళ్లీ చూశాడు. గొలుసు మనుషులు చెట్టు కింద పడుకున్నారు. ఊళ్లోవాళ్లు కూడా వంతులేసుకుని చూశారు. పట్నం పది కోసుల దూరం కూడా లేదు, అయినా చార్మినార్ చూసినవాళ్లు మాలో పదిమంది లేరు. చూసినవాళ్లు చూసినట్టే ఉండక పెట్టె వెనక్కి పోయి, లోపల ఎవరినన్నా దాచారేమో తడిమి వచ్చారు. పొద్దు తిరిగాక గిర్దావర్ లేచి ఒళ్లు విరుచుకుని, గొలుసు వైపు చూసి, అర్జీ పెట్టింది ఎవరని అడిగాడు. నేను ముందుకు పోయాను.

"చదువుకున్న పిల్లవు. చెప్పు. కొలువుమంటవా? రాయి ఒక్కటా, రెండా?"

అవ్వ రాయి దగ్గర నుంచి కదల్లేదు. బాపు తల దించుకుని నిలబడ్డాడు. నా చుట్టూ ఊరు, నేను కాగితాలు చదివిపెట్టిన ఊరు, నా ముందు తలవంచుకుని పలకలు పట్టుకునే పిల్లలు. రాయి జరిగిన మాట నిజమేనని అక్కడ మా ముగ్గురికే తెలుసు, బొమ్మ చెప్పకపోయినా అవ్వ చెప్పింది. కొలవండి అంటే నా చదువు నిలబడేది. "ఒక్కటే సాబ్. నాకే చూడరాలె" అన్నాను. ముందు నా బడి పిల్లలే నవ్వారు, తర్వాత ఊరంతా నవ్వింది. గిర్దావర్ కూడా నవ్వి, అర్జీ వెనక ఏదో రాసి నా చేత సంతకం పెట్టించుకున్నాడు. వెనక్కి తిప్పి చూడకుండా నేను సంతకం పెట్టిన మొదటి కాగితం అదే.

తట్టు ఎక్కబోతూ ఆయన రాయి దగ్గర ఆగాడు. సీతాఫలం చెట్టు చూశాడు, కింద అణిగిపోయిన మట్టి దిబ్బ చూశాడు, దాని తలాపున బండ మీద బాపు ఉలితో గీసిన సిలువ చూశాడు, అవ్వను చూశాడు. "పెద్దమనిషీ, రాయి మల్ల జరగకుండ సుట్టు గచ్చు పోయించు" అని బాపుతో చెప్పి వెళ్లిపోయాడు. ఆ 'మల్ల' అనే మాట ఎందుకన్నాడో నాకు ఇప్పటికీ అనుమానమే. రాయి జరగలేదని తన చేత్తోనే రాసిన మనిషి కదా.

అందరూ పోయాక జోడుకండ్ల సాబు పెట్టె సర్దుకోబోతుంటే బాపు పోయి పక్కన నిలబడ్డాడు. అడగలేదు, ఊరికే నిలబడ్డాడు. సాబు మా గుమ్మటం అట్టను మళ్లీ పెట్టెలో పెట్టి ఇచ్చాడు. బాపు చాలాసేపు చూశాడు. కింద నేల మీద అణిగిపోయి మామూలు కంటికి ఆనని ఆ దిబ్బ, పెట్టెలో చూస్తే కొంచెం ఉబ్బెత్తుగా లేచి కనిపిస్తుంది. తర్వాత నేనూ చూశాను కనుక తెలుసు. ముందు రాయి, రాయికి లోపలి పక్క ఆ దిబ్బ. బాపు పెట్టె దించకుండానే అవ్వను పిలిచి, "లోపట్నే ఉన్నదే అవ్వా" అన్నాడు. బాపు తన బొమ్మను మెచ్చుకున్నాడనుకుని జోడుకండ్ల సాబు చాలా సంతోషించాడు. ఆ రోజు అవ్వ ఆయనకు మజ్జిగ పోసింది, ముందు తాను వాసన చూసి.

ఇక నా పేరు అప్పటి నుంచి రెండు రాళ్ల పంతులమ్మ. ఉత్తరాలు చదివించుకోవడానికి వచ్చేవాళ్లు "ఒక్కటే ఉన్నదమ్మా, రెండు చదువకు" అని ముందే చెప్పి ఇచ్చేవాళ్లు. నన్ను చూడటానికి వచ్చిన పెళ్లివారి చెవిన కూడా ఆ పేరు పడింది, మా అత్తగారు తాను బతికున్నన్నాళ్లూ నేను బియ్యం కొలుస్తుంటే పక్కన నిలబడి చూసేది. మొదట్లో ఆ పేరు వింటే ఒళ్లు మండిపోయేది, పట్నం బోర్డింగుకు తిరిగి పోదామా అనుకునేదాన్ని. బాపు ఒక్కడే నన్ను ఏనాడూ ఆ పేరుతో పిలవలేదు. తర్వాత తర్వాత నాకు తెలిసొచ్చింది ఏమిటంటే, ఊళ్లో ఎవరైనా ఆ రాయి మాట ఎత్తితే వెంటనే నా మాట వచ్చేది, నా మాట వస్తే నవ్వు వచ్చేది, నవ్వాక ఎవరూ ఆ రాయిని కొలవాలనుకునేవాళ్లు కాదు. ఎంత తెలివిగలదాన్ననుకునేదో పాపం ఆ పందొమ్మిదేళ్ల పిల్ల, ఆమె చదువు పనికొచ్చింది చివరికి అలాగన్నమాట. అందుకని ఎవరైనా నన్ను అలా పిలిస్తే వద్దనేదాన్ని కాదు, వాళ్లతో పాటు నేనూ నవ్వేదాన్ని.